నాయనమ్మ వేయించిన శాసనం

తెలుగువారి చరిత్ర పుస్తకాలలో గౌతమీ బలశ్రీకి దక్కే చోటు సాధారణంగా ఒకటి రెండు వాక్యాలే. గౌతమీపుత్ర శాతకర్ణికి తల్లి అని, నాసిక్ శాసనం వేయించినదని చెప్పి, పుస్తకం వెంటనే కుమారుని దిగ్విజయాలలోకి సాగిపోతుంది. 2017 సంక్రాంతికి విడుదలైన చలనచిత్రంలోనూ కథానాయకుడు కుమారుడే. అయితే ఆ దిగ్విజయాల గురించి మనకు తెలిసినదానిలో అధిక భాగం ఈ వృద్ధురాలి నోటి నుంచి వచ్చినదే. కుమారుడు గతించిన చాలా ఏళ్లకు, మనుమని పాలనలో, బౌద్ధ భిక్షు సంఘానికి ఒక విహారాన్ని సమర్పిస్తూ ఆమె గోడ మీద చెక్కించిన మాటలే ఆ రాజుకు మిగిలిన జీవిత చరిత్ర. ఆమె రాయించి ఉండకపోతే గౌతమీపుత్రుడు కొన్ని నాణేలకు, రెండు మూడు భూదాన పత్రాలకు పరిమితమై ఉండేవాడు.

ఈ సంచికకు ఆమెను గురించి వ్రాయాలని మేము తలపెట్టడానికి కారణం కతర్‌గామ్‌లోని మన ఇళ్లలోనే ఉంది. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి సూరత్ వచ్చిన కుటుంబాలలో మొదటి తరం అవ్వలు ఇప్పుడు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. కండెలు చుట్టి, చీరలకు లేసులు కుట్టి, ఒకే గదిలో పదిమందిని పెంచిన మనుషులు వారు. వారి కొడుకులు, మనుమలు త్రిశరణాలు స్వీకరించారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞలలో ఆరవది శ్రాద్ధం పెట్టబోమని, పిండప్రదానం చేయబోమని చెబుతుంది. మరి అవ్వ పోయిన ఏడాదికి ఏమి చేయాలి? పెత్రమాస నాడు బియ్యం ఇచ్చే అలవాటు మానిన చోట ఏది నిలవాలి? ఆ అవ్వ చివరి దాకా పోచమ్మకు బోనం ఎత్తినదైతే, ఆ సంగతిని ఆమె స్మృతిలో చెప్పాలా, దాచాలా? ఈ ప్రశ్నలు మన సమావేశాలలో తరచుగా వస్తున్నాయి. ఇలాంటి ప్రశ్నలను దాదాపు పందొమ్మిది వందల ఏళ్ల కిందట ఒక పెద్ద ఇల్లు ఎలా ఎదుర్కొన్నదో చూడటం వ్యర్థం కాదని మా అభిప్రాయం.

కతర్‌గామ్ పక్కన పారే తాపీ నదికి కూడా ఈ కథలో చోటుంది. బలశ్రీ కంటే ముందు ఈ తీరాన్ని ఏలినవారు క్షహరాత వంశపు శకులు. వారి రాజు నహపానుని అల్లుడు ఉషవదాతుడు నాసిక్ గుహలలోనే ఒక విహారం తొలిపించి, తన దానాల పట్టికను అక్కడ చెక్కించాడు. ఇబా, పారదా, దమణ, తాపి, కరబేణా, దాహనుకా నదులను జనం రుసుము లేకుండా దాటేందుకు పడవలు ఏర్పరచినట్లు అందులో ఉంది. భరుకచ్ఛంలో, అంటే నేటి భరూచ్‌లో, విశ్రాంతి గృహాలు కట్టించినట్లూ ఉంది. మన తాపీ మీద ఉచిత పడవ గురించిన ఆ పురాతన ప్రస్తావన ఒక బౌద్ధ గుహలో దొరకడం మనకు సంతోషం కలిగించే విషయం.

నేతపని చేసేవారికి అంతకంటే దగ్గరైన సంగతి ఆ గుహలోనే మరొకటుంది. ఉషవదాతుడు సంఘం కోసం 3,000 కార్షాపణాలను గోవర్ధన పట్టణంలోని నేతగాళ్ల శ్రేణుల వద్ద శాశ్వత నిధిగా ఉంచాడు. ఒక శ్రేణి వద్ద 2,000, నెలకు నూటికి ఒకటి వడ్డీ. మరొక శ్రేణి వద్ద 1,000, నెలకు నూటికి ముప్పాతిక. మొదటి మొత్తం మీద ఏడాదికి 240 వస్తుంది. వర్షావాసం గడిపే ఇరవై మంది భిక్షువులకు తలా 12 చొప్పున చీవరాల ఖర్చుకు అది సరిగ్గా సరిపోతుంది. సంఘం సొమ్మును రాజు ఖజానాలో కాకుండా మగ్గం మీద బతికేవారి చేతిలో పెట్టారన్నమాట. వారిని అంతగా నమ్మదగినవారుగా ఆ కాలం చూసింది.

ఈ క్షహరాతులను గౌతమీపుత్రుడు ఓడించాడు. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో దొరికిన కుండలో నహపానుని వెండి నాణేలు 13,000కు పైగా ఉండగా, వాటిలో మూడింట రెండు వంతుల మీద గౌతమీపుత్రుడు తన ముద్ర తిరిగి కొట్టించాడు. పాత రాజు ముఖం మీద కొత్త రాజు గుర్తు. విజయానికి ఇంతకంటే సూటి సాక్ష్యం ఉండదు. అయితే ఇక్కడ గమనించవలసిన సంగతి, రాజ్యం చేతులు మారినా గుహలలోని భిక్షువులను ఎవరూ కదిలించలేదు. గౌతమీపుత్రుడు తన 18వ పాలనా సంవత్సరంలో, అంతకుముందు ఉషవదాతుని అనుభవంలో ఉన్న 200 నివర్తనాల పొలాన్ని త్రిరశ్మి కొండ మీది భిక్షువులకు ఇచ్చాడు. గోవర్ధనంలోని అమాత్యుడు విష్ణుపాలితునికి పంపిన ఆజ్ఞలో రాజోద్యోగులు ఆ పొలంలో అడుగు పెట్టరాదని, అక్కడ ఉప్పు కోసం తవ్వరాదని షరతులు కూడా ఉన్నాయి.

బలశ్రీ మనకు తొలిసారి వినబడేది దీనికి ఆరేళ్ల తరువాత. 24వ సంవత్సరంలో మరొక ఆజ్ఞ వెలువడింది. ఈసారి అది రాజు పేరుతోనూ, రాజమాత అయిన మహాదేవి పేరుతోనూ కలిసి వచ్చింది. ముందు ఇచ్చిన పొలం సాగు కావడం లేదు, ఆ ఊరిలో జనం లేరు, కాబట్టి పట్టణ సరిహద్దులో ఉన్న రాజు సొంత భూమి నుంచి 100 నివర్తనాలు భిక్షువులకు ఇవ్వవలసిందని అమాత్యుడు శ్యామకునికి ఆదేశం. దానం ఇచ్చి ఊరుకోక, అది భిక్షువుల గిన్నెలోకి చేరుతున్నదో లేదో విచారించిన చేయి ఇందులో కనబడుతుంది. ఆ చేయి తల్లిదేనని నిరూపించలేము గాని, ఆరేళ్ల కిందటి ఆజ్ఞలో ఆమె పేరు లేకపోవడం, ఈ దిద్దుబాటులో ఉండటం మనలను ఆలోచింపజేస్తుంది. ఇంటి పెద్దావిడ వాకబు ఎలా ఉంటుందో ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఆజ్ఞలో ఆమెకు తగిలించిన విశేషణం ‘జీవసుత’. కుమారుడు జీవించి ఉన్న తల్లి అని అర్థం. ఈ మాట ఎందుకు అవసరమైందో పండితులు రకరకాలుగా ఊహించారు. రాజు జబ్బున పడి ఉండవచ్చునన్నారు కొందరు. కారణం ఏదైనా, తరువాతి శాసనం దగ్గరకు వచ్చేసరికి ఆ విశేషణం లేదు.

తరువాతి శాసనమే పెద్దది. వాసిష్ఠీపుత్ర పులుమావి 19వ సంవత్సరం, గ్రీష్మం రెండవ పక్షం, 13వ రోజు అని దాని తేదీ. ఆమె దీర్ఘాయువును మనం లెక్క కట్టగలిగేది ఈ తేదీల వల్లనే. గౌతమీపుత్రుడు కనీసం 24 ఏళ్లు పాలించాడు. ఆపైన మనుమని పాలనలో 19వ ఏడు నడుస్తోంది. అంటే రాజమాతగా, రాజపితామహిగా ఆమె నలభై ఏళ్లకు పైగా గడిపింది. కుమారుడు ఇరవై ఏళ్లకే గద్దె నెక్కాడనుకున్నా, గుహను దానమిచ్చే నాటికి ఆమెకు ఎనభై దగ్గర పడి ఉండాలి. తండ్రీకొడుకులు కొంతకాలం కలిసి పాలించారన్న పండితులు లేకపోలేదు. ఆ వాదాన్ని అంగీకరిస్తే లెక్క కొంత తగ్గుతుంది. చాలామంది దానిని అంగీకరించలేదు. శాతవాహనుల కాల నిర్ణయంలోనూ భేదాలున్నాయి. ఎక్కువ మంది ఈమెను సా.శ. 2వ శతాబ్దపు పూర్వార్ధంలో ఉంచుతారు, కొందరు ఇంకా ముందుకు జరుపుతారు.

ఈ శాసనాలను చదివి లోకానికి అందించినవారిలో జునాగఢ్‌లో పుట్టిన భగవాన్‌లాల్ ఇంద్రాజీ ఒకరు. గుజరాత్‌లో నివసించే మనం ఆయన పేరును కృతజ్ఞతతో తలచుకోవాలి. తరువాత ఫ్రెంచి పండితుడు ఎమిల్ సెనార్ వాటిని మళ్లీ పరిష్కరించి ప్రచురించాడు.

శాసనంలో ఏముంది? ముందుగా కుమారుడున్నాడు. అశ్మక, ములక, సురఠ, కుకుర, అపరాంత, అనూప, విదర్భ, అవంతి మొదలైన దేశాలకు అతడు రాజు. (ఇందులోని ‘సురఠ’ సౌరాష్ట్రం. మన సూరత్ అని పొరబడరాదు.) అతని గుర్రాలు మూడు సముద్రాల నీరు తాగాయి. క్షహరాత వంశాన్ని మిగలకుండా చేశాడు. శకులను, యవనులను, పహ్లవులను అణచాడు. ఇవి ఏ రాజ ప్రశస్తిలోనైనా ఉండేవే. వాటి మధ్య తల్లి మాత్రమే చెప్పగల మాటలు కొన్ని దొరుకుతాయి. తల్లికి ఎడతెగక సేవ చేసినవాడు అంటుంది. పౌరుల సుఖానికి సుఖపడి, దుఃఖానికి దుఃఖపడినవాడు. న్యాయం తప్పి పన్ను వేయనివాడు. అపరాధం చేసిన శత్రువు ప్రాణం తీయడానికి కూడా ఇష్టపడనివాడు. ఒక వంశాన్ని నిర్మూలించినవాడని, హింస ఇష్టం లేనివాడని ఒకే ఊపిరిలో చెప్పడం చరిత్రకారునికి వైరుధ్యం. కొడుకును పోగొట్టుకొన్న తల్లికి ఆ రెండూ నిజమే అయి ఉంటాయి.

ఆ తరువాత ఆమె తనను గురించి చెప్పుకొంటుంది. సత్యం, దానం, క్షమ, అహింసలయందు ఆసక్తి గలది. తపస్సు, దమం, నియమం, ఉపవాసం పాటించేది. రాజర్షి భార్య అన్న మాటకు తగినట్లు నడుచుకొన్నది. మహాదేవి, మహారాజమాత, మహారాజపితామహి. భర్త పేరు మాత్రం శాసనంలో ఎక్కడా లేదు. కొడుకు గౌతమీ పుత్రుడు, మనుమడు వాసిష్ఠీ పుత్రుడు. ఆ ఇంటి మగవారు తల్లుల పేర్లతోనే చరిత్రలో నిలిచారు.

ఇక్కడ మనకు కష్టమైన చోటు వస్తుంది. బలశ్రీ తన కొడుకును పొగిడే వరుసలో, అతడు నాలుగు వర్ణాల సంకరాన్ని ఆపినవాడని కూడా చెక్కించింది. క్షత్రియుల దర్పాన్ని అణచినవాడని, ఏకబ్రాహ్మణుడని అన్నది. పరాక్రమంలో రామునితో, కేశవునితో పోల్చింది. భిక్షువులు నివసించే విహారం గోడ మీద, భిక్షువులకే ఇచ్చిన దానపత్రంలో, ఈ మాటలున్నాయి. మనవాళ్లు వ్రాసే కొన్ని వ్యాసాలు ఈ వాక్యాన్ని వదిలివేసి, శాతవాహనులను కేవలం బౌద్ధ పోషకులుగా చూపుతాయి. దీనిని మాత్రమే పట్టుకొని వారిని బ్రాహ్మణ మత రాజులుగా చూపే రచనలు మరొక వైపున ఉన్నాయి. రెండూ శాసనాన్ని సగమే చదవడం. ఆ పక్కనే ఉన్న మరొక విశేషణం ద్విజుల కుటుంబాలనూ, వారి కంటే కింద నిలిపిన కుటుంబాలనూ వృద్ధి చేశాడని చెబుతుంది. అయినా ఆ వర్ణ వాక్యపు బరువు దానివల్ల తగ్గదు.

ఆ బరువు ఎంతో నాసిక్ నేలకే తెలుసు. ఆ కొండకు కొద్ది మైళ్ల దూరంలో, అదే నగరంలో, కాలారామ మందిర ప్రవేశం కోసం 1930 మార్చి 2న బాబాసాహెబ్ సత్యాగ్రహం మొదలుపెట్టారు. తలుపులు తెరుచుకోలేదు. ఏళ్లు గడిచాయి. 1935 అక్టోబరు 13న అదే జిల్లాలోని యేవలాలో, తాను హిందువుగా పుట్టినా హిందువుగా మరణించనని ఆయన ప్రకటించారు. వర్ణాలు కలవకుండా ఆపడం ఒక గొప్పగా రాతికెక్కిన ఊరిలోనే, వర్ణం అడ్డుగా నిలిచిన తలుపు ముందు మనవారు దెబ్బలు తిన్నారు. కాబట్టి బలశ్రీని గౌరవించడానికి ఆ వాక్యాన్ని దాటవేయవలసిన అవసరం మాకు కనబడదు. అది ఆమె ఇంటి మాట, ఆమె కాలపు అహంకారం. ఆమెది తప్పు. ఆ తప్పుతో సహా ఆమె మన చరిత్రలోని మనిషే.

ఆ ఇంటిలోనే ఆ గొప్ప నిలవలేదన్నది మరొక సంగతి. కన్హేరి గుహలోని ఒక శాసనం ప్రకారం, అదే వంశంలో వాసిష్ఠీపుత్ర శాతకర్ణి అన్న రాజుకు కార్దమక శక వంశపు మహాక్షత్రపుని కుమార్తె రాణి అయింది. జునాగఢ్ శిలాశాసనంలో రుద్రదాముడు దక్షిణాపథ ప్రభువు శాతకర్ణిని రెండుసార్లు ఓడించి కూడా, దగ్గరి బంధుత్వం వల్ల నాశనం చేయలేదని చెప్పుకొన్నాడు. శకులను అణచిన ఇంటికి శకుల ఆడపడుచు కోడలుగా వచ్చింది. కలవరాదని రాతి మీద చెక్కినా మనుషులు కలుస్తూనే ఉన్నారు.

ఇక దానం మాటకు వద్దాం. మా దృష్టిలో ఈ శాసనంలో మనకు ఎక్కువగా పనికివచ్చే భాగం ఇదే. బలశ్రీ సమర్పించిన గుహను నేడు నాసిక్ పాండవ్‌లేణిలో 3వ గుహగా లెక్కిస్తారు. పాండవులకు దానితో ఏ సంబంధమూ లేదు. శాసనంలో ఆ కొండ పేరు తిరణ్హు, అంటే త్రిరశ్మి. విశాలమైన హాలు చుట్టూ భిక్షువులు ఉండేందుకు 18 గదులు, వెనుక గోడ మీద ఉబ్బెత్తుగా చెక్కిన చైత్యం, సాంచీ తోరణాన్ని తలపించే ద్వారం. వరండా కింద బలిష్ఠమైన మరుగుజ్జు రూపాలు దూలాలను భుజాల మీద మోస్తున్నట్లు ఉంటాయి. ఈ విహారాన్ని ఆమె భద్రాయణీయ నికాయానికి చెందిన భిక్షు సంఘానికి ఇచ్చింది. వాత్సీపుత్రీయుల నుంచి చీలిన ప్రాచీన నికాయాలలో అది ఒకటి.

అవ్వ దానానికి మనుమడు తోడు నిలిచాడు. నాయనమ్మకు సేవ చేయాలని, ఆమెకు ప్రియం చేయాలని కోరి, ఆ గుహ అలంకరణ కోసం కొండకు నైరుతి దిక్కున ఉన్న పిసాజిపదక గ్రామాన్ని సమస్త భోగాలు వదులుకొని ఇచ్చాడని శాసనం చెబుతుంది. ఆ దాన పుణ్యాన్ని తన తండ్రికి అర్పించాడు. పోయినవాని పేరిట పిండం కాక, బతికి ఉన్న భిక్షువులకు నీడ, వారి నిర్వహణకు ఒక ఊరి రాబడి. పుణ్యాన్ని పంచి ఇచ్చే ఈ పద్ధతి పాళీ సంప్రదాయంలో తిరోకుడ్డ సుత్తం నాటి నుంచి ఉన్నదే. దానిని మనం పుణ్యానుమోదన అంటున్నాం. ఒక రాజ కుటుంబం మూడు తరాలను కలుపుకొంటూ దానిని ఆచరించిన తీరు తేదీతో సహా మన ముందుంది. ఆరవ ప్రతిజ్ఞ మనలను పితరుల స్మృతికి దూరం చేస్తుందని బాధపడే బంధువులకు ఈ గోడను చూపవచ్చు. అవ్వ ఏడాది నాడు ఒక విద్యార్థి చదువుకు రుసుము కట్టడం, విహారంలో గ్రంథాలకు అలమరా చేయించడం, వచ్చినవారికి ఆమె బతుకును ఉన్నది ఉన్నట్లు చదివి వినిపించడం ఈ దారిలోనివే. ఆమె బోనం ఎత్తినదైతే ఆ సంగతీ వినిపించాలి. భిక్షువుల విహారంలో రాముని పేరు రాయించిన నాయనమ్మను సంఘం కాదనలేదు.

ఇటువంటి రెండు దారుల ఇళ్లు తెలుగునాట తరువాత కూడా ఉన్నాయి. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసినవాడు. అతని సోదరి శాంతిశ్రీ అక్కడి మహాచైత్యానికి ప్రధాన దాత. మేనల్లుడు, అల్లుడు కూడా అయిన వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో ఆమె ఆ నిర్మాణాన్ని పూర్తి చేయించింది. అన్నగారి యజ్ఞాలు ఆమెను ఆపలేదు, ఆమె చైత్యం అన్నగారిని నొప్పించలేదు. నాసిక్‌లోనూ బలశ్రీ ఒక్కతే కాదు. ఓడిపోయిన నహపానుని కుమార్తె, ఉషవదాతుని భార్య దక్షమిత్ర అదే కొండ మీద ఒక గదిని దానమిచ్చింది. తండ్రి నాణేల మీద ముద్ర కొట్టించినవారి కాలంలోనూ ఆమె పేరు ఆ గోడ మీద చెక్కుచెదరలేదు. ఇరు పక్షాల ఆడవారి పేర్లూ ఆ కొండ మీద పక్కపక్కన మిగిలాయి.

సూరత్ నుంచి సాపుతారా ఘాట్ మీదుగా నాసిక్ వెళ్లేవారు త్ర్యంబకానికి, పంచవటికి వెళ్లి తిరిగివస్తుంటారు. ముంబయి రోడ్డులో ఉన్న ఈ కొండకు ఒక పూట కేటాయించమని మన సభ్యులను కోరుతున్నాము. మెట్లు కొంచెం ఎక్కువే, పెద్దవారు మెల్లగా ఎక్కాలి. 3వ గుహ వరండా గోడ మీద బ్రాహ్మీ అక్షరాల వరుసలు ఇప్పటికీ కనబడతాయి.

ఆ వరుసలలో ఆమె దానం తరువాతిది మరొకటుంది. పులుమావి 22వ సంవత్సరంలో గోవర్ధనంలోని అమాత్యుడు శివఖదిలునికి వచ్చిన ఆజ్ఞ అది. మూడేళ్ల కిందట గుహ నిర్వహణకు ఇచ్చిన సుదర్శన గ్రామానికి బదులు సామలిపద గ్రామాన్ని భిక్షువులకు ఇవ్వవలసిందని అందులో ఉంది. అప్పటికి బలశ్రీ బతికి ఉన్నదో లేదో ఆ ఆజ్ఞ చెప్పదు. అందులో ఆ విహారానికి వాడిన పేరు మాత్రం ‘దేవిలేణ’, దేవి గుహ.